మనిషి మారినా మారని సమస్య

ఒక సీటులో ఏడాది తిరిగేలోపు ముగ్గురు మారారనుకోండి. ముగ్గురి మీదా ఫిర్యాదు ఒక్కటే: పని సమయానికి కావడం లేదు. మొదటతనికి శ్రద్ధ లేదన్నారు, తర్వాత వచ్చినామెకు అనుభవం చాలదన్నారు, మూడో మనిషి ఒత్తిడికి తట్టుకోలేడని తేల్చారు. చెప్పిన కారణాలు మూడు రకాలు, ఆలస్యం మాత్రం చెక్కుచెదరలేదు. బ్యాంకు శాఖ కానివ్వండి, ఆసుపత్రి కానివ్వండి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ కానివ్వండి, ఇలాంటి సీటు ఒక్కటైనా లేని చోటు అరుదు. అక్కడ ఈసారి ఎవర్ని వేద్దామని ఆలోచించే ముందు, ఎవరు కూర్చున్నా అదే ఫలితం వచ్చేలా ఆ సీటు చుట్టూ ఏం అమరి ఉందో చూడాలి. పని ఎక్కణ్ణుంచి వస్తోంది, నెలలో ఏ రోజుల్లో వస్తోంది, ఎవరి సంతకం కోసం ఆగుతోంది, ఎవరికి దేనివల్ల మెప్పు దొరుకుతోంది? ఇవన్నీ కలిసిన అమరికే వ్యవస్థ. పనిచేసే చోట మనల్ని రోజూ వేధించే సమస్యల్లో ఎక్కువ భాగం ఆ అమరికలోంచే పుడతాయి. దాన్ని చూడటం నేర్చుకున్న ఉద్యోగి, హోదా చిన్నదైనా సరే, తిట్లతో రాని మార్పు తేగలడు. ఈ అధ్యాయంలో నా వాదన ఇదే.

దీనికి మొదటి సాక్ష్యం ఒక ఆట. అమెరికన్ గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకూ కంపెనీ అధిపతులకూ నాణ్యత గురించి పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడాదే ఆయన పేరుతో అక్కడ ఒక బహుమతి మొదలైంది. తన శిక్షణ తరగతుల్లో ఆయన ఒక పెట్టె తెప్పించేవాడు. అందులో సుమారు 4,000 పూసలు ఉంటాయి. వాటిలో ఐదోవంతు ఎర్రవి, మిగతావి తెల్లవి. వచ్చినవాళ్లలోంచి ఆరుగురు 'కార్మికులు' ముందుకొస్తారు. 50 గుంటలున్న చెక్కను పెట్టెలో ముంచి పైకి తీయడమే వాళ్ల పని. తెల్ల పూసలు మంచి సరుకు, ఎర్రవి లోపమున్న సరుకు. డెమింగ్ మేస్త్రీ వేషం కట్టి, ఎర్ర పూసలు తక్కువ వచ్చినవాణ్ణి అందరి ముందూ మెచ్చుకుంటాడు, ఎక్కువ వచ్చినవాణ్ణి నిలదీస్తాడు. నిన్న మెప్పు పొందినవాడికి ఇవాళ ఎర్రవి ఎక్కువ రాగానే, పొగిడితే నెత్తికెక్కిందని గద్దిస్తాడు. చివరికి అధ్వాన్నమైన ముగ్గుర్ని తీసేసి, మిగిలిన ముగ్గురి చేత రెండింతల పని చేయిస్తాడు. ఎర్ర పూసల సగటు మాత్రం దాదాపు పది దగ్గరే ఉంటుంది, ఎందుకంటే పెట్టెలో ఐదోవంతు ఎర్రవే. చూస్తున్నవాళ్లు మొదట నవ్వుతారు, కాసేపటికి నవ్వు తగ్గిపోతుంది. వాళ్ల ఆఫీసులో ఏటా జరిగే పనితీరు సమీక్ష వాళ్ల కళ్లముందే నడుస్తోంది మరి. పనిచేసే చోట తలెత్తే ఇబ్బందుల్లో 94 శాతం వ్యవస్థవేనని డెమింగ్ తన అనుభవం మీద అంచనా వేశాడు. అది కొలిచి తేల్చిన లెక్క కాదు కాబట్టి ఆ అంకెను పట్టుకుని వాదించనక్కర్లేదు. పూసల పెట్టె చెప్పిన సంగతికి మాత్రం తిరుగులేదు.

ఆట ఆటే, నిజజీవితం అంత సూటిగా ఉండదు అని మీరు అనవచ్చు. అయితే అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి చూడండి. ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది రకాల ఖాతాలో కార్డులో అంటగట్టాలని ఆ బ్యాంకు సిబ్బందికి లక్ష్యం పెట్టింది. రోజువారీ లెక్క తీసేవారు, అందుకోలేనివాళ్ల ఉద్యోగం దినదిన గండమే. ఉద్యోగులు ఖాతాదారులకు చెప్పకుండా వాళ్ల పేర్ల మీద లక్షల ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడినప్పుడు, అంతకుముందు ఐదేళ్లలో ఈ తప్పు చేసిన దాదాపు 5,300 మందిని తీసేశామని బ్యాంకు చెప్పుకుంది. ఆ మాటే అసలు సంగతి బయటపెట్టింది. ఒకే సంస్థలో, ఒకే రకం తప్పు చేసేవాళ్లు వేలమంది వరసగా వచ్చి చేరారని నమ్మాలా? ఒకర్ని తీసేస్తే, వాళ్ల స్థానంలో కూర్చున్నవాళ్లకూ అదే లక్ష్యం, అదే భయం ఎదురయ్యాయి. మోసం మోసమే, చేసినవాళ్ల బాధ్యత ఎక్కడికీ పోదు. కానీ తీసివేతలు ఐదేళ్లు నడిచినా ఆ తప్పు ఆగలేదు, చివరికి అమ్మకాల లక్ష్యాలనే ఎత్తేయాల్సి వచ్చింది.

ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని మనం రోజూ ఎందుకు చూడలేకపోతున్నాం? ఒక కారణం మన మనస్తత్వంలోనే ఉంది. ఎదుటివాడి ప్రవర్తనకు అతని స్వభావాన్నే కారణంగా చూపి, అతని పరిస్థితిని తక్కువగా లెక్కవేస్తామని సామాజిక మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. లీ రాస్ 1977లో ఈ పొరపాటుకు ఒక పేరు కూడా పెట్టాడు. రెండో కారణం కాలానికి సంబంధించింది. ఇవాళ తీసుకున్న నిర్ణయం ఫలితం ఆరు వారాల తర్వాత, మరో సెక్షన్‌లో కనిపిస్తే, ఆ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 1950ల చివర్లో ఎం.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్‌కు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్లు ఒక చిక్కు చెప్పారు. కెంటకీలోని తమ గృహోపకరణాల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడుస్తాయి, కొన్నేళ్లకు సగంమందిని ఇంటికి పంపాల్సి వస్తుంది. బయటి మార్కెట్ ఎగుడుదిగుళ్లే కారణమని వాళ్ల నమ్మకం. సరుకు నిల్వ, ఆర్డర్లు, నియామకాల గురించి వాళ్లు పాటించే నియమాలేమిటో అడిగి, ఫారెస్టర్ కాగితం మీద వారం వారం లెక్క కట్టాడు. బయటి గిరాకీ స్థిరంగా ఉన్నా, ఆ నియమాల వల్లే నియామకాలు పైకీ కిందికీ ఊగుతాయని తేలింది.

ఆ పరంపరలోంచే ఎం.ఐ.టి.లో 'బీర్ గేమ్' పుట్టింది. చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, పంపిణీదారు, ఫ్యాక్టరీ అని నలుగురు ఆడతారు. ఆర్డరు పంపడానికీ సరుకు రావడానికీ కొన్ని వారాలు పడుతుంది. కొనుగోలుదారులు మొదట వారానికి నాలుగు పెట్టెలు కొంటారు, ఐదో వారం నుంచి ఎనిమిది కొంటారు, ఆ తర్వాత ఆట ముగిసేదాకా అదే ఎనిమిది. అంతకన్నా మార్పేమీ లేదు. అయినా దాదాపు ప్రతి జట్టులోనూ మొదట సరుకు కరువవుతుంది, కంగారుపడి ఆర్డర్ల మీద ఆర్డర్లు వేస్తారు, తర్వాత అవన్నీ ఒక్కసారి వచ్చిపడి గోదాములు నిండిపోతాయి. జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన పరిశోధనలో జట్ల సగటు ఖర్చు, కనీసంగా సరిపోయే ఖర్చుకు పది రెట్లు తేలింది. ఆట అయ్యాక కొనుగోలుదారుల గిరాకీ ఎలా ఉండి ఉంటుందో గీయమంటే, చిల్లర వ్యాపారి తప్ప తక్కినవాళ్లు పెద్ద అలలా పైకెళ్లి కిందికొచ్చే గీత గీస్తారు. ఆ అలను లేపింది తామేనని వాళ్లకు తట్టదు. ఈ ఆట దశాబ్దాలుగా విద్యార్థులూ మేనేజర్లూ ఆడుతున్నారు. ఎవరు ఆడినా అలే లేస్తుంది.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన చోటికి వద్దాం. ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్ తీసుకోండి. సప్లయర్ల బిల్లులు ఇక్కడ పాసవ్వాలి. బిల్లు పాస్ కావాలంటే దాని మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఉండాలి, సరుకు అందిందని స్టోర్స్ వాళ్లు ఎంట్రీ వేయాలి, సంబంధిత విభాగం మేనేజరు సంతకం ఉండాలి. స్టోర్స్‌లో ఒక్కడే మనిషి, లారీలు దింపించుకునే పని కూడా అతనిదే కాబట్టి ఎంట్రీలన్నీ శుక్రవారం కూర్చుని వేస్తాడు. సప్లయర్ కంపెనీల సేల్స్‌వాళ్లకు నెల టార్గెట్లు ఉంటాయి కాబట్టి సరుకూ బిల్లూ 25వ తేదీ దాటాకే కుప్పగా వస్తాయి. బిల్లులు ఆలస్యం కావడం చూసి ఓ మేనేజరు తన బిల్లు మీద 'అర్జెంట్' అని రాస్తాడు. అది ముందు పాసవుతుంది. రాస్తే పని జరుగుతుందని మిగతావాళ్లకూ తెలిసిపోతుంది. అర్జెంట్ బిల్లు వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నది పక్కన పెట్టాలి కాబట్టి మామూలు బిల్లులు ఇంకా వెనకబడతాయి, అవి వెనకబడిన కొద్దీ మరిన్ని బిల్లుల మీద అర్జెంట్ పడుతుంది. ఇంకోపక్క డబ్బు అందని సప్లయర్లు ఫోన్లు చేస్తుంటారు. "నా బిల్లు ఎక్కడిదాకా వచ్చింది మేడమ్?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ సమాధానం చెప్పాలంటే సిస్టమ్‌లో వెతకాలి, స్టోర్స్‌కు ఫోన్ చేయాలి, తిరిగి చెప్పాలి. ఆ సమయంలో ఒక్క బిల్లూ కదలదు. ఆలస్యం ఫోన్లను పెంచుతుంది, ఫోన్లు ఆలస్యాన్ని పెంచుతాయి. ఈ కథలో సోమరి ఎవరు? స్టోర్స్‌వాడు తన పని సర్దుకున్నాడు, మేనేజరు తన సప్లయరును కాపాడుకున్నాడు, అకౌంటెంటు అడిగినవాళ్లకు మర్యాదగా జవాబు చెప్పింది. తిలాపాపం తలా పిడికెడు అనడానికి కూడా వీల్లేదు, ఎవరి చోట వాళ్లు సబబైన పనే చేశారు.

ఈ కుప్పకు లెక్క కట్టడం తేలిక. ఒక చోట సగటున ఎంత పని పేరుకుని ఉందో దాన్ని, రోజుకు సగటున ఎంత పూర్తవుతోందో ఆ అంకెతో భాగిస్తే, ఒక్కో పనికి సగటున పట్టే రోజులు వస్తాయి. జాన్ లిటిల్ 1961లో దీన్ని గణితంగా నిరూపించాడు. 60 బిల్లులు పెండింగ్‌లో ఉండి రోజుకు నాలుగే పాసవుతుంటే, సగటున ఒక్కో బిల్లుకు 15 రోజులు. వాటిలో పదింటి మీద అర్జెంట్ అని రాస్తే ఆ పదీ ముందుకెళ్తాయి, మిగతా 50 వెనక్కెళ్తాయి, సగటు కదలదు. సగటు తగ్గాలంటే కుప్ప తగ్గాలి, లేదా రోజుకు పాసయ్యేవి పెరగాలి. గదమాయింపుతో ఈ రెండూ జరగవు.

దీనికి తోడు ఇంకో లెక్కుంది. యాజమాన్యాలు దీన్ని పట్టించుకోవు గానీ, ఉద్యోగుల ప్రాణాలు తోడేసేది ఇదే. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీ ఇంజినీరు ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూల గణితం ప్రకారం, పని ఎప్పుడొస్తుందో, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేనిచోట, మనిషికి తీరిక తగ్గేకొద్దీ క్యూ మనం ఊహించనంతగా పెరుగుతుంది. ఒక కౌంటర్‌లో సర్టిఫికెట్‌కు సగటున పది నిమిషాలు పడుతుందనుకుందాం. గుమాస్తా తన సమయంలో 80 శాతం పనిలో ఉంటే, వచ్చినవాళ్లు సగటున 40 నిమిషాలు ఆగాలి. 90 శాతమైతే 90 నిమిషాలు. 95 శాతమైతే మూడు గంటల పది నిమిషాలు. పని పెరిగింది రవ్వంతే, క్యూ మాత్రం వీధిదాకా వస్తుంది. ప్రతి మనిషినీ నూటికి నూరుపాళ్లు వాడుకోవాలనే పొదుపు మన ఆఫీసుల్లో ఒక గొప్ప సుగుణంగా చలామణీ అవుతోంది. నా దృష్టిలో అది ఆలస్యాన్ని కొని తెచ్చుకోవడమే. మదురైలో 1976లో డాక్టర్ వెంకటస్వామి మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో, అందరినీ ఒకేలా తీరిక లేకుండా ఉంచడం కన్నా పని ఆగే చోటును సర్దడం ముఖ్యమని బాగా అర్థం చేసుకున్నారు. అక్కడ అన్నిటికన్నా విలువైనది సర్జన్ సమయం. అందుకే ఆపరేషన్ థియేటర్లో పక్కపక్కనే రెండు బల్లలు ఉంటాయి. ఒకరికి ఆపరేషన్ జరుగుతుండగా రెండో బల్ల మీద తర్వాతి రోగిని నర్సులు సిద్ధం చేస్తారు. సర్జన్ ఇటునుంచి అటు తిరిగితే చాలు. ఎవరినీ గట్టిగా పనిచెయ్యమనకుండానే శస్త్రచికిత్సల సంఖ్య పెరిగింది, ఎందుకంటే పని ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి అక్కడ సర్దారు. ఆగని చోట ఎంత చాకిరీ చేసినా మొత్తం మీద ఫలితం పెరగదు.

మంచి ఉద్యోగులే తెలియక ఈ వ్యవస్థను అలాగే నిలబెడుతుంటారు. అనితా టకర్, ఎమీ ఎడ్మండ్‌సన్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో తొమ్మిది ఆసుపత్రుల్లో 26 మంది నర్సుల వెంట 239 గంటలు తిరిగి పరిశీలించారు. మంచాల మీద వేయడానికి దుప్పట్లు అయిపోతే నర్సు పక్క వార్డుకెళ్లి తెచ్చుకుంటుంది, పని సాగిపోతుంది, రోగికి లోటు రాదు. కానీ దుప్పట్లు ఎందుకు చాల్లేదో ఎవరికీ తెలియదు, పక్క వార్డులో కొరత మొదలవుతుంది, మర్నాడు మళ్లీ అదే పరుగు. చాలా సందర్భాల్లో నర్సులు అప్పటికి గండం గట్టెక్కించారే తప్ప, మూలం గురించి చెప్పాల్సినవాళ్లకు చెప్పింది బహు తక్కువ. వాళ్లను తప్పుపట్టలేం. చేతిలో రోగి ఉన్నాడు, టైమ్ లేదు, పైగా నోరెత్తకుండా సర్దుకుపోయేవాళ్లకే సమర్థులని పేరు. మీ ఆఫీసులో 'ఆమె ఉంటే ఏ పనైనా అయిపోతుంది' అనిపించుకునే మనిషి ఉంటే, ఆమె రోజూ ఏమేం సర్దుతోందో అడిగి రాసుకోండి. మీ వ్యవస్థలో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో ఆ చిట్టా చెబుతుంది.

ఇదంతా పని ఎగ్గొట్టేవాళ్లకు సాకుగా ఉపయోగపడదా అన్నది బలమైన అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. నిర్లక్ష్యంగా పనిచేసేవాళ్లు ఉంటారు, వాళ్ల భారం పక్కవాళ్ల మీద పడుతుంది. కానీ అలాంటివాళ్లను న్యాయంగా గుర్తించాలన్నా వ్యవస్థ సంగతి ముందు తెలియాలి. పూసల పెట్టెలో గణాంకాల ప్రకారం ఎర్రవి సుమారు 2 నుంచి 18 వరకూ ఎన్ని వచ్చినా అది పెట్టె సహజ స్వభావమే. ఆ హద్దుల్లో ఆరు వచ్చినవాడికీ పద్నాలుగు వచ్చినవాడికీ నైపుణ్యంలో తేడా ఏమీ లేదు. ఎవరికైనా 25 వచ్చాయంటే, అప్పుడు ఆ మనిషి దగ్గరికెళ్లి చూడాలి. ఇలా హద్దులు గీసే పద్ధతిని వాల్టర్ షూహార్ట్ 1924లోనే రూపొందించాడు. అంకెలు లేనిచోట, ప్రమాదాల మీద పరిశోధన చేసిన జేమ్స్ రీజన్ చెప్పిన పరీక్ష పనికొస్తుంది: అంతే చదువూ అనుభవమూ ఉన్న ఇంకొకర్ని అదే పరిస్థితిలో నిలబెడితే వాళ్లూ అదే పని చేసేవారా? చేసేవారైతే ఈ ఒక్క మనిషిని శిక్షించి లాభం లేదు. చెయ్యరని తేలితే, అప్పుడు ఆ మనిషి సంగతి విడిగా చూడాలి. ఈ చూపు నిజమైన నిర్లక్ష్యాన్ని దాచదు, నిర్దోషుల గుంపులోంచి దాన్ని విడదీసి చూపిస్తుంది.

వ్యవస్థను మార్చే అధికారం నా చేతిలో ఎక్కడుంది అన్నది రెండో అభ్యంతరం. నిజమే. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనబడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి సాయం పిలవవచ్చు, సకాలంలో సరికాకపోతే లైను ఆగుతుంది. అలాంటి తాడు మన ఆఫీసుల్లో చాలావాటిలో లేదు. లేచి మాట్లాడితే ఎదురు చెప్పాడంటారు. అందుకే ఫిర్యాదుగా కాకుండా లెక్కగా వెళ్లాలి. 'స్టోర్స్‌వాళ్లు లేట్ చేస్తున్నారు సార్' అంటే అది ఇంకో మనిషి మీద నేరం మోపడమే, ఇవతల మీకు శత్రువు తయారవుతాడు. 'సార్, ఈ నెల ఆగిన 40 బిల్లుల్లో 26 స్టోర్స్ ఎంట్రీ కోసం ఆగాయి. ఎంట్రీలు శుక్రవారమే పడుతున్నాయి. మంగళవారం కూడా ఒక గంట కుదిరితే, ఈ నెలాఖరుకి ఎంత తేడా వస్తుందో చూద్దాం సార్' అంటే పైవాళ్లు వినడానికి వీలుంటుంది. అడిగింది చిన్నది, నష్టం లేనిది, ఎవరి పరువూ పోనిది. అయినా వినని పైఅధికారులు ఉంటారు, అది ఒప్పుకోవాలి. అప్పుడు కూడా మీ బల్ల వరకూ మీ చేతిలోనే ఉంది. ఫోన్లు రోజంతా ఎత్తకుండా, బిల్లుల స్థితి రోజూ సాయంత్రం నాలుగింటికి అందరికీ ఒకే మెసేజ్‌లో పంపిస్తే, ఫోన్లూ ఆలస్యమూ ఒకదాన్నొకటి పెంచే ఆ రెండో వలయం చాలావరకు తెగుతుంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇవన్నీ చూడటానికి తీరిక లేదన్నది మూడో అభ్యంతరం. తీరిక లేకపోవడం కూడా ఆ వ్యవస్థ తయారుచేసిన సరుకే. నెల్సన్ రెపెనింగ్, జాన్ స్టెర్మన్ 2001లో రాసిన వ్యాసంలో ఈ ఉచ్చును విడమర్చారు. ఇంకో గంట ఎక్కువ పనిచేస్తే ఫలితం ఇవాళే కనిపిస్తుంది. పద్ధతి బాగుచేస్తే ఫలితం నెలల తర్వాత కనిపిస్తుంది, పైగా ఈలోపు ఆ బాగుచేసే గంటల మేరకు పని కాస్త తగ్గుతుంది కూడా. అందుకని సంస్థలు బాగుచేసే సమయాన్ని కోసి పనిలో పోస్తాయి, కొన్నాళ్లు అంకెలు బాగుంటాయి, తర్వాత పాత పద్ధతులూ పాత యంత్రాలూ మొరాయించి ఇంకా ఎక్కువ గంటలు అడుగుతాయి. వారంలో అరగంట కూడా దొరకనివాళ్లకే ఆ అరగంట అన్నిటికన్నా ఎక్కువ అవసరం.

ఆ అరగంటలో చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రతిదీ ప్రతిదానితో ముడిపడి ఉందంటూ గోడ నిండా బాణాలు గీస్తే ఎక్కడికీ చేరుకోలేం. ఈ చూపు నేర్చుకున్న కొత్తలో చాలామంది అక్కడే ఆగిపోతారు. మళ్లీ మళ్లీ వస్తున్న ఒకే ఒక్క ఇబ్బంది ఎంచుకోండి. ఒక నోట్‌బుక్‌లో నాలుగు వారాల పాటు అది వచ్చిన ప్రతిసారీ తేదీ, అప్పుడు పని ఎక్కడ ఆగి ఉంది, అప్పటికి మీరేం చేసి గట్టెక్కారు, ఈ మూడే రాయండి. మనుషుల పేర్లు రాయకండి, రాస్తే ఆలోచన అటే పోతుంది. నాలుగు వారాలయ్యాక ఎక్కువసార్లు ఆగిన చోటు ఏదో తెలుస్తుంది. అక్కడ ఒక్క మార్పు చేయండి, రెండు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదలుపెట్టేముందే, దాని ఫలితాన్ని ఏ రోజున తేల్చాలో పైవాళ్లతో కలిసి కేలండర్ మీద రాసుకోండి. బిల్లుల ఉదాహరణలో అయితే రెండు నెలాఖర్లు గడవాలి. మొదటి రెండు వారాల్లో కొత్త పద్ధతికి అలవాటుపడటంలోనే కొంత పని తగ్గవచ్చు, అప్పుడు ఎవరో ఒకరు పాత పద్ధతే నయం అంటారు. ఆ మాట వస్తుందని ముందే చెప్పి ఉంచి, రాసుకున్న తేదీ దాకా ఆ మార్పును అలాగే నడవనివ్వండి.